చెయ్యి తగిలింది

ఫిబ్రవరి 4

ఇది క్లినిక్‌లో పోయినేడాది అపాయింట్‌మెంట్ పుస్తకం. వెనక సగం ఖాళీగా ఉంది. ఇంట్లో పెడితే ఎవరో ఒకరు చదువుతారు కాబట్టి ఇక్కడే ఉంటుంది, రిసెప్షన్ టేబుల్ కింది సొరుగులో, రసీదుల కట్టల అడుగున. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగ్‌లో.

రాయాలనిపించింది డాక్టరుగారి వల్ల. పళ్ళ డాక్టరు కదా, ఒక పేషెంటు నోరు మూసి ఇంకో పేషెంటు నోరు తెరిచేలోపు ఆయనకి ఫోన్‌లో చదరంగం. ఐదు నిమిషాల ఆట. ఎవరి గడియారం వాళ్ళది. ఐదు నిమిషాలూ అయిపోతే ఎంత బాగా ఆడుతున్నా ఓడిపోయినట్టే. ఇవాళ ఖాళీగా ఉన్నానని నన్ను కూర్చోబెట్టి నేర్పించారు. నాలుగు ఎత్తుల్లో నా రాజు పని అయిపోయింది. రెండోసారీ అదే నాలుగు ఎత్తుల్లో.

"పోన్లెండి, మీకు ఫోన్లు మాట్లాడటం బాగా వచ్చు కదా" అన్నారు.

నవ్వాను. ఈయన్ని ఒక్కసారి ఓడించాలి.

ఫిబ్రవరి 6

ఖాతా తెరిచాను. అక్కడ నా పేరు మెరుపుతీగ. ఆడినవన్నీ ఓడిపోయాను.

అవతలివాళ్ళు మోసం చేస్తున్నారు. పక్కన కంప్యూటర్ పెట్టుకుని, దాన్ని అడిగి ఆడేవాళ్ళుంటారట, డాక్టరుగారే చెప్పారు. మళ్ళీ ఆయనే, "మిమ్మల్ని ఓడించడానికి కంప్యూటర్ ఎందుకండీ?" అని నవ్వారు. నాకు నమ్మకం లేదు. ఈ టేబుల్ దగ్గర కూర్చున్న ఇన్నేళ్ళలో నిజం చెప్పిన పేషెంటుని నేను చూడలేదు. నొప్పి నిన్ననే మొదలైందంటారు. రెండు పూటలా బ్రష్ చేస్తామంటారు. నోరు తెరిస్తే అంతా కనిపిస్తూనే ఉంటుంది.

ఫిబ్రవరి 9

ఫోన్‌లో గళ్ళు మరీ చిన్నవి, వేలు పక్క గడిలో పడుతోంది. అందుకని అత్తగారి టాబ్లెట్ తీసుకున్నాను. ఆవిడకి పక్షవాతం వచ్చినప్పుడు పాటలూ బొమ్మలూ చూపించమని ఆసుపత్రిలో చెబితే మా ఆయన కొన్నారు. పెద్దావిడ వాడేది కదా అని దానికి లాక్ కూడా పెట్టలేదు. కానీ ఆవిడకి కుడివైపు పడిపోయింది, మాట పోయింది, మనం అనేది బుర్రకెక్కడం లేదని ఆసుపత్రివాళ్ళే తేల్చారు. పాటలు పెడితే మొహం అటు తిప్పుకుంటారు. ఊరికే పడి ఉంది. తీసుకున్నానంటే లాక్కున్నానని కాదు.

ఛార్జింగ్ ప్లగ్గు ఆవిడ మంచం పక్కనే ఉంది. కాబట్టి అక్కడే కుర్చీ వేసుకుని, సాయంత్రం క్లినిక్ నుంచి వెళ్ళాక ఆడుకుంటున్నాను. ఆట అయ్యాక మంచం బల్ల మీదే ఛార్జింగ్‌కి పెట్టేస్తాను. ఇంట్లో ప్రశాంతంగా ఉండే గది అదొక్కటే. ఎవరూ ఉండరు.

ఫిబ్రవరి 12

ఒక అనుమానం. నేను ఆడుతుంటే అత్తగారి గొంతులోంచి గురగురమని ఒక శబ్దం వస్తోంది. వచ్చిన ప్రతిసారీ కాసేపట్లో నా మంత్రో ఏనుగో పోతోంది. వరసగా గమనించాను. అనుకోకుండా జరిగేది కాదు.

బాగున్న రోజుల్లోనూ అంతే ఈవిడ. నేను కూర తరుగుతుంటే వెనక నిలబడి గొంతు సవరించుకునేవారు. వెంటనే నా వేలు తెగేది.

ఫిబ్రవరి 13

కుర్చీ అటు తిప్పి కూర్చున్నాను, ఆవిడకి తెర కనబడకుండా. శబ్దం రాలేదు. అయినా ఓడిపోయాను.

ఫిబ్రవరి 16

మళ్ళీ ఇటు తిప్పాను. వైరు పొడవు చాలడం లేదు.

ఫిబ్రవరి 21

గెలిచాను. వరసగా గెలుస్తున్నాను. రేటింగ్, అంటే గెలిస్తే పెరిగి ఓడితే తగ్గే అంకె, ఆరువందలు దాటింది.

కారణం నాకు తెలుసు. ఇదివరకు కంగారుగా ఆడేదాన్ని. ఇప్పుడు ముక్క మీద వేలు పెట్టి, వెంటనే జరపకుండా ఒక్క క్షణం ఆగుతున్నాను. ఆ క్షణంలో గురగుర వినిపిస్తే ఇంకో ముక్క చూస్తాను, వినిపించకపోతే జరిపేస్తాను. మూఢనమ్మకమే. ఆటగాళ్ళందరికీ ఏదో ఒకటి ఉంటుందట, ఒకాయన ఎప్పుడూ ఒకే చొక్కా వేసుకుంటాడట. మొత్తానికి నాకు ఏకాగ్రత కుదిరింది. ఎవరూ నేర్పకుండా ఈ వయసులో ఇంత తొందరగా ఎదగడం అందరివల్లా కాదు.

డాక్టరుగారికి చెప్పలేదు. చెబితే జాగ్రత్త పడతారు.

ఫిబ్రవరి 23

నిన్న ఆదివారం వదినగారు వచ్చారు, మా ఆయన అక్క. తల్లి మంచం దగ్గరే నిలబడి, "ఎన్నాళ్ళని చేస్తారమ్మా మీరు మాత్రం? అమ్మకి మనమెవరమో కూడా తెలియదు. ఎక్కడున్నా ఒకటే కదా" అన్నారు.

పెద్దవాళ్ళని చూసుకునే హోమ్ ఒకటి చూసి వచ్చారట. ముందు బ్లాకులో తోట, కుర్చీలు, ఒకళ్ళతో ఒకళ్ళు కాలక్షేపం చేసే మనుషులు. వెనక వార్డులో చుట్టూ కడ్డీలున్న మంచాలు, ఏమీ తెలియనివాళ్ళు. హోమ్ మేనేజరు ఇంటికొచ్చి, మనిషిని చూసి, ఎక్కడ పెట్టాలో రాస్తుందట. "అమ్మకైతే వెనక వార్డేలే" అన్నారు వదినగారు, బస్సులో సీటు దొరికిందన్నట్టు.

మా ఆయన గోడ మీద ఏదో మరకని గోరుతో గీకుతూ నిలబడ్డారు.

నేను అడగలేదు. వదినగారే తనంతట తను అన్నారు. ఇది రాసి పెట్టుకోవాలి, రేపెవరైనా నన్నంటే చూసుకోవడానికి.

ఆ గదికి లేత ఆకుపచ్చ కర్టెన్లు బాగుంటాయి. కిటికీ దగ్గర ఒక టేబుల్. సాయంత్రం ఆ కుర్చీలోనే కూర్చుని చెల్లికి ఫోన్ చేసి చెప్పాను. "ఇంకెంతలే, నెల తిరిగేసరికి గది నాది" అన్నాను.

ఫిబ్రవరి 27

రేటింగ్ పడిపోయింది. నిన్న సాయంత్రం ఆరువందల నలభై. ఇవాళ ఐదువందల తొంభై. మధ్యలో నేను ముట్టుకోనే లేదు.

సైటువాళ్ళ పనే ఇది. డబ్బు కట్టమని తర్వాత అడుగుతారు చూడు.

ఫిబ్రవరి 28

సైటు కాదు.

ఆడిన ఆటలన్నీ అందులోనే దాచి ఉంటాయని డాక్టరుగారు ఒకసారి అన్నారు. తెరిచి చూశాను. నేను ఆడని ఆటలున్నాయి. అన్నీ మధ్యాహ్నాలే, నేను ఇక్కడ టేబుల్ దగ్గర కూర్చున్న వేళల్లో. అన్నీ ఓటములే. నా పేరు పెట్టుకుని ఎవరో ఓడిపోతున్నారు.

ఈయన బస్సు డిపోలో పని చేస్తారు. ఈ వారం పొద్దుటి డ్యూటీ. మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటారు.

మార్చి 2

నేరుగా అడగలేదు, అడిగితే దొరకరు. భోజనాల దగ్గర మామూలుగా, "గుర్రం ఎలా నడుస్తుందండీ?" అన్నాను.

"నాలుగు కాళ్ళతో" అన్నారు, ప్లేట్లోంచి తలెత్తకుండా.

అంత అమాయకంగా జవాబిచ్చారంటేనే తెలుస్తోంది.

మార్చి 5

ఈయనకి ఈ వారం సాయంత్రం డ్యూటీ. పన్నెండింటికే వెళ్ళిపోతున్నారు. ఆటలు మాత్రం ఆగలేదు. నిన్న మధ్యాహ్నం కూడా ఉన్నాయి.

అయితే ఈయన కాదు. ఎందుకో కాస్త నిరాశగా ఉంది. వారం రోజులుగా ఆయన చొక్కా జేబులు చూస్తున్నాను, చదరంగానికీ జేబులకీ ఏం సంబంధమో నాకే తెలియదు.

మిగిలింది ఆయా. నేను క్లినిక్‌కి బయల్దేరేటప్పుడు వచ్చి, తిరిగి వెళ్ళేదాకా అత్తగారి దగ్గర ఉంటుంది.

మార్చి 6

"మధ్యాహ్నం పూట ఏం చేస్తుంటావు?" అన్నాను ఆయాతో.

"పెద్దమ్మకి తినిపించి, పక్క మార్చి, హాల్లో కాసేపు నడుం వాలుస్తానమ్మా. నిద్రపోను."

"టాబ్లెట్ ముట్టుకున్నావా?"

"రోజూ తుడుస్తానమ్మా. దాని నిండా వేలిముద్రలుంటాయి కదా. సాయంత్రం మీరు ఆడుకుంటారని మీవే అనుకున్నాను."

"పొద్దున నేను తుడిచే వెళ్తున్నాను" అన్నాను.

"మరైతే నాకేం తెలుసమ్మా" అంది, నా మొహంలోకే చూస్తూ.

నిద్రపోనన్నది అబద్ధం. చెంప మీద దిండు గీతలు ఇంకా పోలేదు. వేలిముద్రల సంగతి అబద్ధంలా లేదు.

మార్చి 9

డాక్టరుగారికి చూపించక తప్పింది కాదు. ఆ ఆటలు తెరిచి ఫోన్ ఆయన ముందు పెట్టాను. మొదట నవ్వుతూ చూశారు. తర్వాత నవ్వు ఆపి, గ్లవ్స్ తీసేసి చూశారు.

"ఇవి మీరు ఆడినవా?"

"ఎందుకండీ?"

"ఇక్కడ చూడండి, గుర్రాన్ని ఊరికే వదిలేసి, నాలుగు ఎత్తుల తర్వాత మంత్రిని పట్టారు. నాకు తట్టదు ఇది. పక్కన కంప్యూటర్ పెట్టుకుంటున్నారా?"

నన్ను. నన్ను అనుమానించారు.

"కంప్యూటరైతే ఓడిపోదు కదండీ" అన్నాను.

"అదే నాకూ అర్థం కావడం లేదు. దాదాపు అన్నిటిలోనూ గెలిచే ఆటే. టైమయిపోయి ఓడిపోతున్నారు." ఇంకాస్త కిందికి జరిపి చూశారు. "ఇంకో విచిత్రం ఉంది. మామూలుగా కష్టమైన చోట ఆగి ఆలోచిస్తాం, సులువైన చోట చకచకా ఆడేస్తాం. ఇక్కడ అన్నిటికీ ఒకటే ఆలస్యం. రాజు జరగడానికి ఒక్క గడే ఉన్నా సరే, పది సెకన్లు. ఇది ఆలోచన వల్ల ఆలస్యం కాదండీ. చెయ్యి ఆలస్యం."

తర్వాతి పేషెంటు వచ్చింది. రసీదు మీద పోయిన నెల తేదీ వేశాను.

మార్చి 10

బీరువా పై అరలో చదరంగం బల్ల ఒకటి ఉంది, పెళ్ళైన కొత్తలో చూశాను. పోయిన మామగారిదని అనుకునేదాన్ని. పొద్దున ఈయన్ని అడిగాను, "మామయ్యగారు బాగా ఆడేవారా?" అని.

"నాన్నా? నాన్నకి రేడియో తప్ప ఏం పట్టేది కాదు. అది అమ్మది. పెళ్ళికి ముందు తాతయ్యతో ఆడేదట. ఇక్కడికొచ్చాక ఆడటానికి ఎవరున్నారు, పైన పెట్టేసింది."

ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

నిన్న రాత్రి భోజనం నేను తినిపించకుండా, అత్తగారి ఎడమ చేతికి చెంచా ఇచ్చి చూశాను. గిన్నె దగ్గర్నుంచి నోటి దాకా రావడానికి ఎంతసేపు పడుతుందో లోపల లెక్కపెట్టుకున్నాను.

పది.

మార్చి 11

సగం పూట సెలవు పెట్టాను. చెప్పకుండా ఇంటికి వెళ్ళి తలుపు సందులోంచి చూశాను.

ఆవిడే.

మార్చి 12

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను.

ఆయా హాల్లో గురక పెడుతోంది. గది తలుపు ఓరగా వేసి ఉంది. అత్తగారు దిండుకి ఆనుకుని ఉన్నారు, టాబ్లెట్ మంచం బల్ల మీద ఉంది. ఎడమ చెయ్యి దుప్పటి మీంచి లేచింది. గాల్లో ఆగింది. వణికింది. చూపుడువేలు చోటు వెతుక్కుని ఒక గడి మీద వాలింది. మళ్ళీ లేచింది. ఆ మొహం నేను ఎరిగినదే. నేను కూర తరుగుతుంటే వెనక నిలబడే మొహం. ఏమీ తెలియని మనిషి మొహం కాదు.

గడియారం అయిపోయింది. ఓడిపోయినట్టు తెర మీద పడింది. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, ఆడాల్సిన ముక్కకి కొంచెం పైన. కాసేపు అక్కడే ఉండి, కొత్త ఆట అన్నచోట నొక్కింది.

నాకు మొట్టమొదట వచ్చింది కోపం. నటిస్తోంది అనుకున్నాను. మా అందరిచేతా చేయించుకుంటూ, ఏమీ తెలియనట్టు పడుకుని, నా రేటింగ్‌తో ఆడుకుంటోంది అనుకున్నాను. ఇంటి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక భయం వేసింది. ఆ కుర్చీలో కూర్చుని నేను అన్నవన్నీ గుర్తొచ్చాయి. కర్టెన్లు. నెల తిరిగేసరికి గది నాది అన్నది. ఇందులో రాయనివి కూడా.

విన్నారా? వినపడినా అర్థమయిందా? మాట అర్థం కాని మనిషికి ఆట ఎలా గుర్తుంటుంది? ఇవాళ డాక్టరుగారిని అడిగాను, ఎవరో తెలిసినవాళ్ళ గురించని చెప్పి.

"ఉండొచ్చండీ. మాట పోయినా ఆట ఉండొచ్చు. లేదా మాటలు కూడా అర్థమవుతూ, బయటికి రాకపోవచ్చు" అన్నారు. ఏదో ఒకటి తేల్చకుండా రెండూ చెప్పారు. పళ్ళ డాక్టరుని అడిగితే అంతే.

అర్థం కాలేదనే అనుకుంటాను. అందరికీ అదే మంచిది. ఆవిడకి ఏమీ తెలియదని మేనేజరు వచ్చి రాసేస్తే, నేనూ ఏమీ అననట్టే.

ఈయనకి చెప్పలేదు. పాస్‌వర్డ్ మార్చేశాను, టాబ్లెట్‌లో ఇక ఆట తెరుచుకోదు.

మార్చి 13

అత్తగారు తెర వైపే చూస్తున్నారు.

మార్చి 14

నేను బయల్దేరుతుంటే ఆయా గుమ్మం దాకా వచ్చింది. "పెద్దమ్మ నిన్నట్నుంచి సరిగా తినడం లేదమ్మా. ఆ టాబ్లెట్ మీద చెయ్యేసి తడుతూనే ఉన్నారు. పాటలు కావాలేమో, ఏదైనా పెట్టి వెళ్ళండి."

లోపలికి వెళ్ళి చెంచా నేనే నోటి దగ్గర పెట్టాను. తెరవలేదు. ఈ ఉద్యోగంలో నాకొకటి బాగా తెలిసింది. భయంతో మూసుకున్న నోరు వేరు, పంతంతో మూసుకున్న నోరు వేరు. భయమైతే పెదాలు వణుకుతాయి. ఈవిడ పెదాలు వణకడం లేదు. పంతం పట్టాలంటే సంగతి తెలిసుండాలి.

మేనేజరు పంతొమ్మిదిన వస్తుంది. వదినగారు ఇవాళ రెండుసార్లు ఫోన్ చేసి గుర్తు చేశారు.

మార్చి 15

ఆదివారం. ఇది సోమవారం పొద్దున క్లినిక్‌లో రాస్తున్నాను.

టాబ్లెట్‌లో మెరుపుతీగని మళ్ళీ తెరిచి పెట్టాను. ఆవిడ తినాలని, అంతే. వేరే ఏం లేదు. నాకు ఫోన్‌లో ఇంకో పేరుతో కొత్త ఖాతా తెరుచుకున్నాను. వంటింట్లో నిలబడి మెరుపుతీగకి ఆటకి రమ్మని పిలుపు పంపాను. ఇవతల ఉన్నది నేనని ఆవిడకి తెలిసే వీల్లేదు.

గదిలో టాబ్లెట్ టింగుమంది. చాలాసేపు ఏం లేదు. తర్వాత నా ఫోన్‌లో ఆవిడ బంటు రెండు గళ్ళు ముందుకొచ్చింది.

గోడకి ఇవతల నేను టక్కుమనిపిస్తే, కాసేపాగి అవతల టక్కుమనేది. నా గుర్రం పోయింది, ఏనుగు పోయింది. గురగుర వినిపించేంత దగ్గరలో లేను కదా. కానీ ఆవిడ గడియారం కరిగిపోతోంది. ఊరికే అటూ ఇటూ జరుపుతూ కూర్చుంటే చాలు, నేనే గెలుస్తాను. ఆ ఆటలో అవతలివాళ్ళ గడియారం పక్కన చిన్న కూడిక గుర్తుంటుంది. నొక్కితే వాళ్ళకి పదిహేను సెకన్లు కలుస్తాయి. బుద్ధున్నవాళ్ళెవరూ నొక్కరు.

చెయ్యి తగిలింది.

మార్చి 16

మళ్ళీ తగిలింది. చాలాసార్లు. ఫోన్‌లో అన్నీ పక్కపక్కనే ఉంటాయి.

ఓడిపోయాను. ఆవిడ రాత్రి పాలు తాగారు, బ్రెడ్డు తిన్నారు. ఆయా పెట్టిన పాటల వల్లే అని ఆయా అంటోంది. అననీ.

మార్చి 17

డాక్టరుగారిని ఓడించాను.

గుర్రాన్ని వదిలేశాను. తీసుకున్నారు. నాలుగు ఎత్తుల తర్వాత మంత్రిని పట్టాను. ఆయన ఫోన్ పక్కన పెట్టి, "ఎవరు నేర్పారండీ మీకు?" అన్నారు.

"ఎవరూ లేరండీ" అన్నాను.

నెలకి పైగా కలలు కన్నాను దీని కోసం. సంతోషంగానే ఉంది.

మార్చి 18

రేపే. నేనేమీ చెప్పను. చెబితే నీకెప్పుడు తెలిసిందంటారు. తెలిసి ఎందుకు ఊరుకున్నావంటారు, పాస్‌వర్డ్ ఎందుకు మార్చావంటారు. ఆవిడ ఏం విన్నారోనని ఈయన నన్ను చూస్తారు. ఈయన చూపు నేను భరించలేను. ఇంతకీ హోమ్‌లో బాగానే చూసుకుంటారట.

వెనక వార్డులో మంచాల పక్కన ప్లగ్గులుంటాయా అని వదినగారిని అడిగాను.

"ప్లగ్గులెందుకమ్మా?" అన్నారు.

మార్చి 20

నిన్నటిది.

మేనేజరు మంచి మనిషిలాగే ఉంది, అందుకే జాగ్రత్తగా చూశాను. నా కుర్చీలో కూర్చుంది. ఈయన తలుపు దగ్గర, వదినగారు మంచం కాళ్ళ వైపు. "అమ్మా, మీ పేరు చెప్పండి. ఇవాళ ఏ వారం?" అత్తగారి గొంతులో గురగుర తప్ప ఏం రాలేదు. "పోనీ, ఇక్కడున్నవాళ్ళలో మీ అబ్బాయి ఎవరో చూపించండి."

ఎడమ చెయ్యి దుప్పటి మీంచి లేచింది. అది ఇంకా గాల్లో ఉండగానే మేనేజరు తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది.

ఈయన్ని చూపించడానికే లేచింది ఆ చెయ్యి. అక్కడున్న అందరిలో అది నాకొక్కదానికే తెలుసు. ఇంకాస్త ఆగితే చూపించేవారు. ఆవిడకి టైమయిపోయింది.

"చెప్పాను కదండీ, పాపం ఏమీ తెలియదు" అన్నారు వదినగారు. మేనేజరు కలం తీసింది.

టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళాను. పాలు పొయ్యి మీద పెట్టాను. ఫోన్ తీసి మెరుపుతీగకి పిలుపు పంపాను. ఇది మాత్రం చెయ్యి తగిలిందని రాయను.

గదిలో టింగుమంది. "అదేంటి?" అంది మేనేజరు. "పాటలదండీ" అన్నారు ఈయన. కాసేపాగి టక్కుమంది. నేను ఆడాను. మళ్ళీ టక్కుమంది. అటు మాటలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. "అమ్మా?" అన్నారు ఈయన, చాలా చిన్నగా.

చెవి గదివైపు పెట్టి ఆడటంతో నాకు ఒక్కో ఎత్తుకీ చాలాసేపు పట్టింది. నా మంత్రి ఇరుక్కుపోయింది. ఎటు జరపాలో చూస్తుండగా పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది, గ్యాసు వాసన. ఫోన్ పక్కన పడేసి, "అయ్యో పాలు" అంటూ గిన్నె ఒట్టి చేతులతో పట్టుకున్నాను. పొయ్యి కట్టేసి, కిటికీ తెరిచి, కాలిన వేళ్ళు కుళాయి కింద పెట్టి నిలబడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది, ఎత్తు నాది, నడుస్తున్న గడియారం నాది. పొయ్యి దగ్గరికి వెళ్ళేటప్పటికే నాకు అరనిమిషం కూడా మిగల్లేదు. ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

గదిలోంచి వదినగారి గొంతు. "చూశారా, ఊరికే ఒకేచోట పొడుస్తోంది. ఆట లేదు ఏం లేదు. చెయ్యి ఎత్తడం, అక్కడే పొడవడం."

ఫోన్ తీశాను. అయిపోలేదు. నా గడియారంలో ఇంకా ఉంది. నేను చూస్తుండగానే పదిహేను సెకన్లు పెరిగింది. కాసేపాగి మళ్ళీ పదిహేను.

తడి చేత్తోనే వెళ్ళి ఫోన్ మేనేజరు చేతిలో పెట్టాను. "ఆవిడ నొక్కుతున్నది నా గడియారాన్నండీ. ఇవతల ఆడుతున్నది నేను. పాలు పొంగాయని విన్నారు. నాకు టైమిస్తున్నారు."

మేనేజరు టాబ్లెట్ చూసింది, ఫోన్ చూసింది. ఆ రెండింటిలోనూ అంకెలు పెరగడం చూసింది. చాలాసేపటికి, "అమ్మా, మీ అబ్బాయి ఎవరో చూపించండి" అని మళ్ళీ అడిగింది. ఈసారి ఆగింది. చెయ్యి లేచింది, వణికింది, వెతుక్కుంది, తలుపు దగ్గర ఈయన మీద ఆగింది.

ఈయన వచ్చి మంచం మీద కూర్చుని ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నారు. "అమ్మ ఎక్కడికీ వెళ్ళదు" అన్నారు. మేనేజరు కలం మూసేసింది. వదినగారు ఏడ్చారు. దగ్గరగా చూశాను, నిజమైన ఏడుపే.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నారు ఈయన నాతో.

"ఇవాళే" అన్నాను.

అత్తగారు నా వైపు చూశారు. చూస్తూనే ఉన్నారు. ఆ గురగుర కోసం ఊపిరి బిగపట్టి నిలబడ్డాను. రాలేదు.

మార్చి 25

ఆకుపచ్చ కర్టెన్లు తెచ్చి ఆ గదికే వేశాను. ఆవిడ కిటికీ వైపు చూసి గురగురమన్నారు. తీసేసి పాతవే వేశాను.

నాకు టైమెందుకిచ్చారో ఇంకా తేలలేదు. గెలుపు చేతిలో ఉంది. నన్ను అలాగే వదిలేస్తే అయిపోయేది. గడియారం వల్ల గెలిస్తే అది గెలుపు కాదని పంతమా? మేనేజరు చూస్తోందని వేసిన ఎత్తా? లేకపోతే ఆ కుర్చీలో నేను అన్నవన్నీ విని కూడా ఇచ్చారా? ఈ మూడోదాని దగ్గరికి వచ్చేసరికి నాకు బుర్ర పని చెయ్యదు. పోనీ, చెయ్యి తగిలిందేమో అని కూడా అనుకున్నాను, నాకు తగిలినట్టు.

నిన్న సాయంత్రం ఎదురుగా కూర్చుని ఆడాను, అసలు బల్ల దించి, గడియారం లేకుండా. ఓడిపోయాను. ఆటంతా ఆ చెయ్యినే చూశాను. దుప్పటి మీంచి లేస్తుంది. గాల్లో ఆగుతుంది. వణుకుతుంది, చోటు వెతుక్కుంటుంది, వాలుతుంది. ఒక్కసారికి పది సెకన్లు.

ఊరికే తగిలే చెయ్యి కాదది.